పసిపిల్లలున్న ఇంటికి ఏ కుక్క మంచిది? గోదావరి డెల్టా కుటుంబాలు తరచుగా అడిగే ప్రశ్నలు

మాది కోనసీమలో కాలువగట్టు మీద ఊరు. ఇంట్లో ఇద్దరు పిల్లలు, ఒక కుక్క, అత్తయ్యగారు, మావయ్యగారు. కుక్కల విషయంలో మేం తప్పులు చేశాం. అందులో ఒక తప్పుకి మా అమ్మాయి కనుబొమ్మ మీద ఇప్పటికీ మచ్చ ఉంది. అప్పట్నుంచి చుట్టాలు, పిల్లల స్కూల్లో తల్లులు ఎవరు అడిగినా కూర్చుని తీరిగ్గా చెప్పడం నాకు అలవాటైంది. వాళ్లు మళ్లీ మళ్లీ అడిగేవే ఇక్కడ రాస్తున్నాను. నేను డాక్టర్ని కాను. మందులు, టీకాలు వేయించే ముందు మీ ఊరి పశువైద్యుణ్ణి తప్పకుండా అడగండి.

పిల్లలకి భద్రమైన జాతి ఏది? పేరు చెప్పండి చాలు.

అందరూ మొదట అడిగేది ఇదే. నేను పేరు చెప్పను. ఎందుకంటే పేరు చెప్పగానే అమ్మానాన్నలు నిశ్చింతగా పక్క గదిలోకి వెళ్లిపోతారు. కరవని జాతంటూ ఏదీ లేదండి. ఎంత నెమ్మదైన కుక్కయినా నొప్పి పుడితే, భయపడితే, తిండి దగ్గర అడ్డొస్తే పళ్లు చూపిస్తుంది. వీధికుక్కల భయం మనకి ఎలాగూ ఉంది. కానీ నడక నేర్చిన పిల్లల్ని ఇంట్లో కుక్క, పక్కింటి కుక్క, అమ్మమ్మగారింటి కుక్క కూడా కరుస్తుంది. పిల్లల మొహం సరిగ్గా కుక్క మూతి ఎత్తులో ఉంటుంది కాబట్టి పెద్దవాళ్లకి కాలి మీద పడే కాటు వాళ్లకి చెంప మీదో, కంటి దగ్గరో పడుతుంది.

అందుకే నేను ముందు ఎదురు ప్రశ్న వేస్తాను. కుక్క, పిల్లలు ఒకచోట ఉన్నంతసేపూ పక్కనే ఉండే పెద్దమనిషి మీ ఇంట్లో ఎవరు? ఆ మనిషి ఉంటే చాలా రకాల కుక్కలు మీకు సరిపోతాయి. లేకపోతే ఏ కుక్కా సరిపోదు.

మా బాబుకి రెండేళ్లు. ఇప్పుడు తెచ్చుకోవచ్చా?

నన్నడిగితే ఆగమంటాను. రెండేళ్ల పిల్లాడికి చెవి లాగితే కుక్కకి నొప్పి పుడుతుందని తెలియదు, చెప్పినా గుర్తుండదు. అయిదారేళ్లు వస్తే "అది పడుకుంది, కదిలించకు" అంటే ఆగగలడు. పైగా కుక్కపిల్లని తెస్తే మొదటి ఆరునెలలు అది ఇంకో పసిబిడ్డే. రాత్రి లేస్తుంది, ఇల్లంతా తడుపుతుంది, పాలపళ్లతో కనిపించిందల్లా కొరుకుతుంది. ఇద్దరు పసివాళ్లని ఒకేసారి సాకే ఓపిక ఉందా అని ఇంట్లో అందర్నీ కూర్చోబెట్టి అడగండి. "పిల్లాడు ఆడుకోవడానికి" అని కుక్కని తేవడం మాత్రం వద్దు. కుక్క బాధ్యత ఎప్పుడూ పెద్దవాళ్లదే.

లాబ్రడార్ చాలా నెమ్మది అంటారు కదా?

స్వభావం మంచిదే. మనుషులంటే ఇష్టం, చెప్పింది త్వరగా నేర్చుకుంటుంది. కానీ పూర్తిగా ఎదిగితే ముప్పై కిలోలు దాటుతుంది. సంతోషంతో తోక ఊపితే రెండేళ్ల పిల్ల బోర్లా పడుతుంది. రోజూ గంటైనా నడిపించాలి. నడిపించకపోతే ఒళ్లు వచ్చేసి, తుంటి కీళ్లు పాడవుతాయి. ఈ జాతి పూర్వీకులు ఇప్పటి కెనడాలోని న్యూఫౌండ్‌లాండ్ తీరంలో చేపలవాళ్లతో పడవల మీద తిరిగిన కుక్కలు. కాబట్టి నీళ్లు కనిపిస్తే ఆగదు. మన వైపు అడుగు తీసి అడుగు వేస్తే కాలువ, బోదె, డ్రెయిన్, చేపల చెరువు. ఒకసారి డ్రెయిన్‌లో దూకి వచ్చిన కుక్కని కడగడం ఎంత పనో చేసినవాళ్లకే తెలుసు. చెవుల్లో తడి ఆరక చీము పట్టడం కూడా ఈ వేలాడే చెవుల వాటికి ఎక్కువ.

గోల్డెన్ రిట్రీవర్ స్వభావమూ ఇలాంటిదే. కానీ ఆ పొడుగు బొచ్చుకి మన ఉక్కపోత పడదు. రోజూ దువ్వాలి, వానాకాలంలో బొచ్చు అడుగున చర్మం పుండు పడకుండా చూసుకోవాలి.

చిన్న కుక్క అయితే ప్రమాదం తక్కువ కదా? పమేరియన్, పగ్ లాంటివి?

చిన్నది కాబట్టి భద్రం అనుకోవడం పొరపాటు. మన ఊళ్లలో పమేరియన్ అని పిలిచే తెల్ల కుక్కలు చాలా వరకు స్పిట్జ్ రకం. అవి చురుకైనవి, ఇంటిని కనిపెట్టుకుని ఉంటాయి. కానీ పిల్లలు ఎత్తుకుని నలిపితే ఓర్చుకోవు, చటుక్కున పంటితో అందుకుంటాయి. చిన్న కుక్కని పిల్లలు బొమ్మలా ఎత్తేస్తారు, పట్టు జారి పడేస్తారు. దాని కాలు విరిగితే ఆ భయం దానికి జీవితాంతం ఉంటుంది. పిల్లలు ఎనిమిది, తొమ్మిదేళ్లు దాటిన ఇంటికైతే సరే.

పగ్‌ది మెత్తని స్వభావం, పిల్లలతో బాగానే కలుస్తుంది. కష్టమల్లా దాని ముక్కుతోనే. కుక్కలకి మనలా ఒళ్లంతా చెమట పట్టదు, నాలుక బయటపెట్టి వగర్చడం ద్వారానే వేడి తగ్గించుకుంటాయి. ముక్కు అణిగిపోయిన పగ్ సరిగ్గా వగర్చలేదు. మే నెలలో కాలువలు కట్టేసి, గాలి స్తంభించి, కరెంటు పోయిన మధ్యాహ్నం దాని అవస్థ చూడలేం. ఏసీ, ఇన్వర్టర్ లేని ఇంటికి పగ్ వద్దు. హస్కీ, సెయింట్ బెర్నార్డ్ లాంటి మంచుదేశపు కుక్కలైతే ఏసీ ఉన్నా సరే తేవద్దు. మన ముచ్చట కోసం దాన్ని అలా బాధపెట్టకూడదు.

బీగిల్ సంగతి?

పిల్లలతో సరదాగా ఉంటుంది. కానీ ముక్కు నేల మీద పెట్టి వాసన వెంట పోయిందంటే పిలిచినా వినపడదు. ప్రహరీ లేని ఇంటికి పనికిరాదు. గొంతు పెద్దది, పక్కింటివాళ్లని కూడా ముందే అడగండి.

రాజపాళయం, చిప్పిపారై లాంటి మన దేశపు కుక్కలు?

అందమైనవి, మన ఎండకి తట్టుకుంటాయి. అయితే ఇవి వేటకీ, కాపలాకీ పెంచిన జాతులు. పరిగెత్తేది ఏది కనిపించినా వెంటపడతాయి. మన పల్లెల్లో పరిగెత్తేవి ఏంటి? కోళ్లు. పక్కవాళ్లు బాదంపప్పు పెట్టి సంక్రాంతికి సిద్ధం చేసుకుంటున్న పందెంకోడిని మీ కుక్క పట్టుకుందంటే ఆ గొడవ పెద్దల్లో పెట్టినా తెగదు. రాజపాళయం ఒకరిద్దరికే అతుక్కుపోయే కుక్క, కొత్త పిల్లలు ఇంటికొస్తే సహించడం కష్టం. వాటిలో పుట్టుచెవుడు కూడా కనిపిస్తుంది. తెచ్చేముందు వెనకనుంచి చప్పట్లు కొట్టి చూడండి. చెవుడున్న కుక్క నిద్రలో ఉన్నప్పుడు పిల్లలు తాకితే ఉలిక్కిపడి కరుస్తుంది.

రాట్‌వీలర్, పిట్‌బుల్ లాంటివి నిషేధించారట కదా?

2024 మార్చిలో కేంద్ర పశుసంవర్ధక శాఖ 23 జాతుల్ని పెంచడానికి అనుమతులు ఇవ్వొద్దని రాష్ట్రాలకి లేఖ రాసింది. కొందరు కోర్టుకెళ్లారు, కర్ణాటక హైకోర్టు దాన్ని కొట్టేసింది. చట్టం సంగతి అలా ఉంచండి. చెరువుల దగ్గర కాపలాకి తెచ్చిన బలమైన కుక్కని రెండేళ్ల తర్వాత "ఇంటి దగ్గర పిల్లలకి తోడుగా ఉంటుంది" అని ఇంటికి తీసుకురావడం మా చుట్టుపక్కల చూస్తున్నాను. మనుషుల్ని తరమడమే నేర్చుకున్న కుక్క పసిపిల్లల మధ్య ఎలా మెలగాలో ఒక్కరోజులో నేర్చుకోదు. దయచేసి ఆ పని చేయకండి.

మరి మన నాటుకుక్కని ఇంట్లో పెంచుకోవచ్చా? నామోషీ అంటారు ఇంట్లో.

పెంచుకోవచ్చు. నన్నడిగితే మన డెల్టా ఇంటికి ముందు ఆలోచించాల్సింది దాన్నే. పొట్టి బొచ్చు, చామనఛాయ ఒళ్లు, తేలికపాటి శరీరం, ఎక్కువగా పదిహేను, ఇరవై కిలోలకి మించదు. ఈ ఎండా, ఈ ఉక్కా దానికి అలవాటే. పద్నాలుగు పదిహేనేళ్లు బతికినవి ఉన్నాయి. మా గౌరి అలా వచ్చిందే. మా తోటలో కొబ్బరికాయలు దింపు తీసే ఆయన ఇంటి వెనక, కొబ్బరి డొక్కల కుప్ప పక్కన దాని తల్లి ఈనింది. ఆ తల్లిని ఆయన మనవలు దగ్గరికెళ్లి పేరు పెట్టి పిలిస్తే చెవులు వెనక్కి వాల్చి, ఒళ్లంతా ఊపుకుంటూ వచ్చేది. నేను చూసింది పిల్లని కాదు, ఆ తల్లిని. అది చాలు అనిపించింది.

నాటుకుక్క అప్రమత్తంగా ఉంటుంది, కొత్తవాళ్లని చూస్తే మొరుగుతుంది. అందుకే చిన్నప్పటి నుంచే రకరకాల మనుషుల్ని, సైకిళ్లని, ట్రాక్టర్లని, అరిచే పిల్లల్ని దూరం నుంచి మెల్లగా అలవాటు చేయాలి. మూడో వారం నుంచి మూడు మూడున్నర నెలల దాకా కుక్క మెదడు కొత్తవాటిని తేలిగ్గా ఒప్పుకుంటుంది. ఆ వయసులో చూడనివి తర్వాత చూస్తే భయపడుతుంది. భయపడే కుక్కే కరుస్తుంది.

పిల్ల ఎంత వయసుది తేవాలి?

ఎనిమిది వారాలు నిండినది. అంతకంటే ముందు తల్లి దగ్గర నుంచి తీయకూడదు. తోడబుట్టిన పిల్లలతో ఆడుతూనే అది "ఇంత గట్టిగా కొరికితే నొప్పి" అని నేర్చుకుంటుంది. ఆ చదువు లేకుండా వచ్చిన పిల్లకి పంటి పట్టు తెలియదు. 2017లో వచ్చిన కుక్కల పెంపకం, అమ్మకం నిబంధనల ప్రకారం కూడా ఎనిమిది వారాల లోపు పిల్లని అమ్మకూడదు.

ఇది మాకు దెబ్బ తగిలాకే తెలిసింది. పెళ్లైన కొత్తలో మా ఆయన పక్క టౌన్‌లో ఒక అమ్మేవాడి దగ్గర లాబ్రడార్ పిల్లని తెచ్చారు. నలభై అయిదు రోజులని చెప్పాడు, చూస్తే నెల కూడా నిండినట్టు లేదు. తల్లిని చూపించమంటే ఊళ్లో లేదన్నాడు. మూడోరోజు నుంచి వాంతులు, నెత్తురు విరేచనాలు. పార్వో అనే వైరస్ జబ్బని డాక్టర్ చెప్పేసరికి ఆలస్యమైపోయింది. ఆరో రోజు తెల్లవారుజామున నా ఒళ్లోనే పోయింది. తల్లిని చూపించని చోట పిల్లని కొనకండి. డబ్బు ఇచ్చేసినా సరే, వెనక్కి వచ్చేయండి.

ఈతలో అయిదారు పిల్లలుంటాయి. అందులో ఏది ఏరుకోవాలి?

అందరికంటే ముందు ఉరికొచ్చి ప్యాంటు పట్టుకు లాగేది కాదు, మూల నక్కి వణికేది కూడా కాదు. ఆ రెండింటి మధ్యలో ఉన్నది. ఒళ్లోకి తీసుకుని కాసేపు వెల్లకిలా పట్టుకోండి. కొంచెం గింజుకుని సర్దుకుంటే మంచిది. పాదాలు, చెవులు, తోక మెత్తగా తాకి చూడండి. కాస్త దూరంలో స్టీలు పళ్లెం మీద గరిటె కొట్టండి. ఏ పిల్లయినా ఉలిక్కిపడుతుంది. కాసేపట్లో తేరుకుని "ఏంటది" అన్నట్టు వాసన చూడ్డానికి వస్తుందా లేదా అన్నదే చూడాలి. మీ పిల్లల్ని కూడా ఒకసారి తీసుకెళ్లండి, కానీ ఏరేది వాళ్లు కాదు. పిల్లలు ఎప్పుడూ ఒళ్లో దూకేదాన్నో, జాలిగా చూసేదాన్నో అడుగుతారు.

రెండేళ్లు దాటిన పెద్ద కుక్కని తెచ్చుకోవడం కూడా మంచి దారే. స్వభావం అప్పటికే తేలిపోయి ఉంటుంది. దాన్ని ఇచ్చేవాళ్ల ఇంట్లో పిల్లలున్నారా, వాళ్లతో ఎలా ఉండేదో వెళ్లి చూసి రండి.

ఆడదా, మగదా?

పిల్లల విషయంలో పెద్ద తేడా లేదు. ఏదైనా డాక్టర్ చెప్పిన వయసులో ఆపరేషన్ చేయించండి. ఆడకుక్క ఈనితే పిల్లల తల్లి దగ్గరికి మన పిల్లలు వెళ్లడం ప్రమాదం. మగది ఎదకాలంలో గోడ దూకి పోయి, దెబ్బలాడి గాయాలతో వస్తుంది.

మొరిగే కుక్క కరవదంటారు. నిజమేనా?

కాదండి. ఈ సామెతని నమ్మి కాటు తిన్నవాళ్లున్నారు. కుక్క కరిచేముందు దాదాపు ప్రతిసారీ చెబుతుంది, మనకి ఆ భాష రాదు. ఆకలి లేకపోయినా మూతి నాకుకుంటుంది, నిద్ర లేకపోయినా ఆవలిస్తుంది, మొహం తిప్పేసుకుని కనుకొసల నుంచి చూస్తుంది. అప్పుడు కంటి తెలుపు నెలవంకలా కనిపిస్తుంది. తోక కాళ్ల మధ్య పెడుతుంది, లేచి పక్కకి వెళ్లిపోతుంది. ఇవన్నీ "నన్ను వదిలేయండి" అనడమే. అయినా వదలకపోతే ఒళ్లు కర్రలా బిగుసుకుంటుంది. తర్వాత గుర్రుమంటుంది. ఆ తర్వాతే పంటిదెబ్బ. తోక ఊపుతోంది కదా అని కూడా నమ్మకండి. ఒళ్లంతా వదులుగా ఊగుతుంటే సంతోషం, తోక ఒక్కటే నిటారుగా నిలబడి చిన్నగా అదురుతుంటే జాగ్రత్త పడాలి.

ఫోన్లో పిల్లాడు కుక్క మీదెక్కి మెడ చుట్టూ చేతులేసిన వీడియోలు చూసి అందరూ ముచ్చటపడతారు. నేను కుక్క మొహం చూస్తాను. చాలా వాటిలో కంటి తెలుపు కనిపిస్తూనే ఉంటుంది.

పిల్లల మీద గుర్రుమంటే కొట్టాలా?

కొట్టకండి. ఇది నేను కన్నీళ్లతో నేర్చుకున్న పాఠం.

అమ్మాయికి అప్పుడు మూడేళ్లు. గౌరికి రెండు. ఒకరోజు అమ్మాయి పళ్లెం దగ్గరికెళ్తే గౌరి గుర్రుమంది. నాకు భయమేసి చీపురుకట్టతో రెండు తగిలించాను. మళ్లీ గుర్రుమనలేదు. కుక్కకి బుద్ధొచ్చిందనుకున్నాను. వారం తర్వాత, ఆదివారం మధ్యాహ్నం, చేప తలకాయ ఉడకబెట్టి ముళ్లు తీసి అన్నంలో కలిపి పెరట్లో సత్తుపళ్లెంలో పెట్టాను. ఫోన్ మోగితే లోపలికెళ్లాను. అమ్మాయి చేతిలో సగం కొరికిన బిస్కెట్‌తో వెళ్లి పళ్లెం ముందు గొంతుకూర్చుంది. దానికి ఇంకొంచెం పెడదామని. మావయ్యగారు అరుగు మీద నుంచి చూస్తూనే ఉన్నారు. గౌరి నమలడం ఆపేసింది, తల పళ్లెం మీదే ఉంచి కదలకుండా ఉండిపోయింది. "పోనీలే, ఊరుకుంది" అనుకున్నారాయన. గుర్రుమనలేదు. తిన్నగా మొహం మీదికొచ్చింది.

గుర్రుమనడం కుక్క మనకిచ్చే ఆఖరి హెచ్చరిక. నేను దాన్ని కొట్టి ఆ హెచ్చరికని ఆపించాను, కోపాన్ని కాదు. కుక్క గుర్రుమంటే పిల్లల్ని మెల్లగా పక్కకి తీసేయండి, దేనికి గుర్రుమందో గమనించండి, ఆ పరిస్థితి మళ్లీ రాకుండా చూడండి. ఇప్పుడు మా ఇంట్లో గౌరి భోజనం తలుపేసిన వరండాలోనే. పళ్లెం తీసి కడిగాకే తలుపు తీస్తాం.

కరిస్తే ముందు ఏం చేయాలి?

కుళాయి కింద పెట్టి, సబ్బుతో, పారే నీళ్లతో పదిహేను నిమిషాలు కడగాలి. గడియారం చూసి కడగండి, ఎందుకంటే పిల్ల ఏడుస్తుంటే రెండు నిమిషాలే గంటలా అనిపిస్తుంది. ఆ రోజు మా అత్తయ్యగారు పసుపు డబ్బా పట్టుకుని పరిగెత్తుకొచ్చారు. ఆవిడ ప్రేమతోనే తెచ్చారు. కానీ పసుపు, కారం, సున్నం, ఆకుపసరు ఏదీ గాయానికి రాయకూడదు, కట్టు కూడా బిగించకూడదు. కడిగిన వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి.

రేబిస్ లక్షణాలు మొదలైతే మనిషి బతకడం దాదాపు అసాధ్యం. లక్షణాలకి ముందు సరిగ్గా టీకాలు పడితే దాదాపు పూర్తిగా ఆపవచ్చు. బొడ్డు చుట్టూ ఇంజెక్షన్ల కాలం ఎప్పుడో పోయింది. ఇప్పుడు భుజానికి, బాగా చిన్నపిల్లలకైతే తొడకి వేస్తారు. చర్మంలో వేసే పద్ధతిలో మొదటి రోజు, ఆ తర్వాత 3, 7, 28వ రోజుల్లో. కండలో వేసే పద్ధతిలో 14వ రోజు కూడా ఉంటుంది. నెత్తురు వచ్చిన గాయమైతే గాయం చుట్టూ ఇమ్యునోగ్లోబులిన్ (వైరస్‌ని వెంటనే అడ్డుకునే యాంటీబాడీల మందు) కూడా వేయాలి, అడిగి మరీ వేయించండి. మొహం, తల, మెడ, చేతుల మీద కాటైతే ఒక్క గంట కూడా వాయిదా వేయకండి.

మనకి తెలిసిన కుక్కయితే పది రోజులు దాన్ని గమనించాలి. కానీ ఆ పది రోజులూ చూసి అప్పుడు టీకా వేయిద్దామనుకోకండి. మొదటి డోసు ఆ రోజే పడాలి. చిన్న కుక్కపిల్ల గీరినా, నెత్తురు రాకపోయినా సరే, డాక్టర్‌కి చూపించాలి. పెద్దవాళ్లు తిడతారని భయపడి పిల్లలు కాటు దాచిపెడతారు. అందుకే "కుక్క కరిచిందని చెబితే ఎవ్వరూ తిట్టరు" అని ముందే చెప్పి ఉంచండి.

కుక్కకి వేయించాల్సిన టీకాలేంటి?

ఆరు, ఎనిమిది వారాల మధ్య మొదలుపెట్టి మూడు నాలుగు వారాలకోసారి పార్వో, డిస్టెంపర్ (ఇదీ కుక్కలకొచ్చే వైరస్ జబ్బే) టీకాలు, నాలుగో నెల దాకా. మూడు నెలలు నిండాక రేబిస్, డాక్టర్ చెప్పిన ప్రకారం బూస్టర్, తర్వాత ఏటా. కార్డు జాగ్రత్తగా పెట్టుకోండి, దాని ఫోటో ఫోన్లో ఉంచుకోండి.

మన వైపు చాలామంది పట్టించుకోనిది లెప్టోస్పైరోసిస్. ఎలుకల మూత్రం కలిసిన నీళ్ల ద్వారా వచ్చే జబ్బు ఇది. వరిచేలు, బోదెలు, వరద దిగిపోయాక మిగిలిన బురద, అన్నీ దానికి అనువైనవే. కుక్కకీ వస్తుంది, మనిషికీ వస్తుంది, కుక్క నుంచి ఇంట్లోవాళ్లకి కూడా అంటుకోవచ్చు. దానికి కుక్కలకి టీకా ఉంది, ఏటా వేయించాలి. చేలల్లో ఎలుకల మందు పెట్టే రోజుల్లో కుక్కని వదలకండి. మందు తిన్న ఎలుకని తిన్నా ప్రమాదమే.

ఏలికపాముల మందు పిల్లగా ఉన్నప్పుడు రెండు వారాలకోసారి, తర్వాత నెలకోసారి, ఆరునెలలు దాటాక మూడునెలలకోసారి. కుక్క పెంట కలిసిన ఇసుకలో పిల్లలు ఉత్త కాళ్లతో ఆడితే కొంకిపురుగుల పిల్లలు చర్మంలోకి దూరతాయి. కాబట్టి పెరట్లో పెంట రోజూ ఎత్తేయాలి, పిల్లలు చేతులు కడుక్కోవాలి. వానాకాలంలో గోమార్లు చెవుల వెనక, వేళ్ల సందుల్లో పడతాయి, రోజూ తడిమి చూడండి. ఇంకొకటి, బోదకాలు కుక్కల వల్ల వస్తుందని కొందరు పెద్దవాళ్లు భయపడతారు. ఆ పురుగు వేరు, అది దోమ ద్వారా మనిషి నుంచి మనిషికే వస్తుంది.

పిల్లలకి ఏం నేర్పాలి?

తింటున్నప్పుడు, పడుకున్నప్పుడు, పిల్లల్ని పెట్టుకుని ఉన్నప్పుడు కుక్క జోలికి వెళ్లకూడదు. కౌగిలించుకోకూడదు, మొహంలో మొహం పెట్టకూడదు. ముద్దు చేయాలంటే మనం దాని దగ్గరికి వెళ్లడం కాదు, దాన్ని పిలవాలి. వస్తే గడ్డం కిందో, ఛాతీ మీదో మూడుసార్లు నిమిరి చెయ్యి తీసేయాలి. ఇంకా కావాలంటే అదే దగ్గరికి జరుగుతుంది.

వీధిలో కుక్క మీదికొస్తే పరిగెత్తకూడదని చెప్పడం తేలికే, ఆ క్షణాన పిల్లలు పరిగెత్తేస్తారు. అందుకే మేం ఆటగా నేర్పాం. "కొబ్బరిచెట్టు" అనగానే ఇద్దరూ ఎక్కడివాళ్లక్కడ నిలబడిపోయి, చేతులు కిందికి ముడుచుకుని, తమ కాళ్ల వైపు చూడాలి. "రొయ్య" అంటే నేల మీద ముడుచుకుని, మెడా చెవులూ చేతులతో కప్పుకోవాలి. సాయంత్రం అన్నానికి ముందు నాలుగుసార్లు ఆడించాం, నెల రోజులు. మా వాడు ఒకసారి ట్యూషన్ నుంచి వస్తూ నిజంగానే కొబ్బరిచెట్టయ్యాడట. కుక్క వాసన చూసి పోయింది.

కాన్పుకి పుట్టింటికి వెళ్తున్నాను. అత్తగారింట్లో కుక్క ఉంది. బిడ్డతో తిరిగొచ్చేసరికి ఎలా ఉంటుందో అని టెన్షన్.

మీకు కొన్ని నెలల టైముంది, అది మంచిదే. మీరు వెళ్లేలోపే కుక్క పడక మార్చడం, మంచం ఎక్కనివ్వకపోవడం లాంటివి అలవాటు చేసేయండి. బిడ్డ వచ్చిన రోజే ఇవన్నీ మొదలుపెడితే బిడ్డ వల్లే తనకి కష్టమొచ్చిందని దానికి అనిపిస్తుంది. మీ ఆయన చూడ్డానికి వచ్చినప్పుడల్లా బిడ్డ వాడిన పొత్తిగుడ్డ ఒకటి ఇచ్చి పంపండి, కుక్క వాసన పడుతుంది. మూడో నెలో, అయిదో నెలో తిరిగొచ్చిన రోజు ముందు మీరొక్కరే లోపలికెళ్లండి. ఇన్నాళ్లకి మిమ్మల్ని చూసి గెంతుతుంది, ఆ గెంతులన్నీ అయిపోనివ్వండి. ఆ తర్వాత బిడ్డని ఇంకొకరు ఎత్తుకుని రావాలి, కుక్క తాడు వేరొకరి చేతిలో ఉండాలి.

మా బాబు పుట్టినప్పుడు పడగ్గది గుమ్మానికి నడుమెత్తు వెదురు తడిక కట్టించాం. గాలి ఆడుతుంది, కుక్కకి మనం కనిపిస్తాం, లోపలికి మాత్రం రాలేదు. ఉయ్యాల్లో బిడ్డని, కుక్కని ఒక్క నిమిషం కూడా ఒంటరిగా వదలకూడదు.

సంక్రాంతికి ఇల్లంతా చుట్టాలే. కుక్కని ఏం చేయాలి?

దాన్ని ఒక గదిలో ఉంచి నీళ్లు పెట్టి తలుపు వేసేయండి. ఎవరి పిల్లలకి ఏం తెలుసో మనకి తెలియదు. కనుమ నాడు జగ్గన్నతోట ప్రభల తీర్థానికి వెళ్లొచ్చేసరికి మా ఇంట్లో పదిమంది పిల్లలుంటారు. గౌరి అప్పటికే పైగదిలో ఉంటుంది. "ఒక్కసారి చూపించు పిన్నీ" అంటే ఒక్కొక్కరినే తీసుకెళ్తాను. దీపావళి టపాకాయలప్పుడు కూడా అంతే. పాయసంలో కిస్‌మిస్, చాక్లెట్, ఉల్లి వెల్లుల్లి వేసిన కూరలు కుక్కకి విషం. పిల్లలు ముద్దుగా తినిపించేస్తారు, ముందే చెప్పండి.

మాది లంక గ్రామం. వరదొస్తే?

2022 జూలైలో చూశాం కదా. వరద హెచ్చరిక రాగానే కుక్క గొలుసు తీసేయండి, తాడుతో చేతిలో పట్టుకోండి. కట్టేసి వదిలి వెళ్లిన కుక్క నీళ్లు పెరిగితే ఎటూ పోలేక చనిపోతుంది. పునరావాస కేంద్రంలో అందరి పిల్లలూ ఒకచోట ఉంటారు, కుక్క బెదిరిపోయి ఉంటుంది. మూతికి వేసే మెత్తని చిక్కం ఒకటి ఇంట్లో ఉంచుకుని, మామూలు రోజుల్లోనే అయిదేసి నిమిషాలు వేసి అలవాటు చేయండి. వరద దిగాక బురదలో దాన్ని తిరగనివ్వకండి, పిల్లల్ని కూడా.

తెచ్చాక పిల్లలతో పొసగకపోతే?

ముందు పశువైద్యుడికి చూపించండి. చెవిపోటు, పంటినొప్పి, కీళ్లనొప్పి ఉన్న కుక్క చిరాకు పడుతుంది, మందేస్తే మారుతుంది. రోజంతా గొలుసుతో కట్టేసి ఉంచిన కుక్కకి కోపం పెరుగుతుంది, రోజుకి రెండుసార్లు నడిపించి చూడండి. అయినా కుదరకపోతే పిల్లలు లేని ఇంటికి, ఉన్నదున్నట్టు చెప్పి ఇవ్వండి. గోనెసంచిలో వేసి గోదారి అవతలి ఒడ్డున వదిలేసి రావడం మన వైపు మామూలైపోయింది. అక్కడి కుక్కలు దాన్ని బతకనివ్వవు. బతికినా, అక్కడ కూడా ఎవరో ఒకరి పిల్లలుంటారు.

కుక్క ముసలిదయ్యాక పిల్లలతో ఎలా ఉంటుంది?

గౌరికి ఇప్పుడు తొమ్మిదేళ్లు. వెనకకాళ్లు పట్టేశాయి, కుడికన్ను మీద పొర వస్తోంది. వెనకనుంచి ఎవరైనా వస్తే ఉలిక్కిపడుతోంది. కాబట్టి ఇంట్లో పద్ధతి మార్చాం. పడుకున్నప్పుడు దాన్ని దాటి వెళ్లకూడదు, దగ్గరికొచ్చే ముందు పేరు పెట్టి పిలవాలి, అది తల ఎత్తి చూశాకే తాకాలి. అరుగు మెట్లు ఎక్కలేకపోతోందని మావయ్యగారు పాత తలుపుచెక్క ఒకటి వాలుగా వేశారు. అమ్మాయికి పదేళ్లొచ్చాయి. స్కూల్ నుంచి రాగానే బ్యాగు కింద పెట్టి, గుమ్మంలోనే నిలబడి "గౌరీ" అని పిలుస్తుంది. అది లేచేదాకా అక్కడే ఆగుతుంది.